వియా ఫ్రాంచీజెనా మీద పరుగు: గంబాస్సి నుంచి రాదికోఫాని దాకా, ఏ ముక్క పరుగెత్తాలి, ఏ ముక్క రైలెక్కాలి

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. వియా ఫ్రాంచీజెనా అంటే కాంటర్‌బరీ నుంచి రోమ్ దాకా పోయే పాత యాత్రామార్గం. ఇటలీలోని తోస్కానా (టస్కనీ)లో ఇది గంబాస్సి తెర్మే నుంచి రాదికోఫాని దాకా ఆరు మజిలీలు, మొత్తం దాదాపు 150 కిలోమీటర్లు. ఎండలో, వానలో, చలిలో పరుగెత్తి చూశాక నా లెక్క ఇదీ: మోంతెరిజ్జోని–సియెనా ముక్కకు పదికి తొమ్మిదిన్నర. గంబాస్సి–శాన్ జిమిన్యానోకి తొమ్మిది. సియెనా దాటాక ఆర్బియా లోయకి నాలుగు, అదీ పొడి నేల మీదైతేనే. రాదికోఫానికి మార్కులు వేయడం కష్టం, ఎందుకో అక్కడికి వచ్చాక చెబుతాను.

మజిలీలన్నీ నడిచేవాళ్ల కాలికి తగ్గట్టు కట్టినవి. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రోమ్ నుంచి తిరిగి వెళ్తూ రాసుకున్న మకాముల జాబితాయే ఈ దారికి ఆధారం. 1994లో యూరప్ కౌన్సిల్ దీన్ని సాంస్కృతిక మార్గంగా గుర్తించింది. పరుగెత్తేవాళ్లు ఆ పట్టికకు కట్టుబడనక్కర్లేదు. మంచి ముక్కలు ఏరుకుని, మిగతావి బస్సుకో రైలుకో వదిలేయడమే సరైన పద్ధతి.

దిశ మాత్రం ఉత్తరం నుంచి దక్షిణానికే పెట్టుకోండి. చెట్ల మీద, రాళ్ల మీద, కరెంటు స్తంభాల మీద ఎరుపు–తెలుపు చారలు, యాత్రికుడి బొమ్మ కనిపిస్తాయి. అవన్నీ ముఖ్యంగా రోమ్ వైపు వెళ్లేవాళ్ల కంటికి ఆనేట్టు పెట్టినవి. ఎదురు దిశలో పరుగెడితే ప్రతి కూడలిలోనూ ఆగి వెనక్కి తిరిగి చూడాల్సిందే. సరైన దిశలో వెళ్లినా ఒక చిక్కుంది. దిగుడులో వేగం మీద ఉన్నప్పుడు పక్కకు చీలే కాలిబాట గుర్తు కంట పడదు. మూడు నాలుగు వందల మీటర్లు ఒక్క చార కూడా కనబడలేదంటే ఆలోచించకుండా వెనక్కి రండి. దారి గీత చూపే అధికారిక జీపీఎక్స్ ఫైలు ఫోన్లో ఉండాలి, అదీ తాజాది. చేల యజమానులతో పేచీ వచ్చో, గట్టు విరిగో దారి అప్పుడప్పుడూ మారుతుంటుంది.

గంబాస్సి–శాన్ జిమిన్యానో 13.4 కిలోమీటర్లు. మొదటి రోజుకు ఇంతకన్నా మంచి కొలత దొరకదు. ద్రాక్షతోటలు, ఆలివ్ తోటలు, సైప్రస్ చెట్ల వరసలు, వాటి మధ్య తెల్ల కంకరబాట. ఒక్క పెద్ద ఎక్కుడంటూ ఉండదు. దిగి ఎక్కి, దిగి ఎక్కి, లయ కుదిరే లోపలే ఇంకో మలుపు. పాంకోలె దగ్గర రోడ్డు గుడి కిందనుంచే, కమానుల మధ్యగా పోతుంది. ఆ చర్చి 1944లో యుద్ధంలో కూలింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టినది. అక్కడ నీళ్లు నింపుకుని కాస్త ఊపిరి తీసుకోండి. తర్వాత చెల్లోలె దగ్గరి పాత రాతి చర్చి దాటితే శాన్ జిమిన్యానో బురుజులు కనిపిస్తాయి. ఊరు 324 మీటర్ల ఎత్తున ఉంది, చివరి కిలోమీటరు తారురోడ్డు మీద ఎక్కుడే. ఉదయం తొమ్మిదిలోపు చేరితే వీధులు మీవి. పదకొండు దాటితే పర్యాటక బస్సులవాళ్లవి, మోచేతులు అడ్డం పెట్టుకుని నడవడమే తప్ప పరుగు కుదరదు.

శాన్ జిమిన్యానో–మోంతెరిజ్జోని 31 కిలోమీటర్లు. నడిచేవాళ్లే సణుగుతారు దీని పొడవు గురించి. పొడవు కన్నా నన్ను ఇబ్బంది పెట్టేది వాగులు. ఊరు దిగాక ఫోచి అనే వాగును, ఇంకొన్ని చిన్న పాయలను రాళ్ల మీద అడుగులేసి దాటాలి. పొడి రోజుల్లో బూటు తడవదు. రాత్రంతా వాన పడితే రాళ్లు మునిగిపోతాయి, అప్పుడు రోడ్డు చుట్టుదారే దిక్కు. మొత్తం పరుగెత్తే ఓపిక లేకపోతే బస్సులో కొల్లె ది వాల్ దెల్సా దాకా వచ్చి, గ్రాచానో నుంచి మొదలుపెట్టండి. లె కాల్దానె అనే పాతకాలపు ఊట కొలను, స్త్రోవె పల్లె, ఆపైన అబ్బాదియా ఆ ఈసోలా మఠం, అక్కడినుంచి చదునైన పొలాల మీదుగా మోంతెరిజ్జోని. చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకు ఒక మాట: సిజెరిక్ ఆగింది ఈ మఠం ఉన్న చోటే. మోంతెరిజ్జోని అప్పటికి లేనేలేదు. ఫ్లోరెన్స్ మీద కన్నేసి ఉంచడానికి సియెనావాళ్లు 13వ శతాబ్దం మొదట్లో ఆ కోటను కట్టారు. గుండ్రటి గోడ చుట్టుకొలత 570 మీటర్లు, బురుజులు 14. కింది పొలాల్లోంచి చూస్తే గుట్ట నెత్తిన పెట్టిన కిరీటంలా ఉంటుంది. గుమ్మం దాకా ఎక్కే కంకరబాట చిన్నదే కానీ నిటారు. చివర్లో స్ప్రింట్ కొడదామనుకునేవాళ్ల పొగరు అక్కడ అణుగుతుంది.

మోంతెరిజ్జోని–సియెనా, 20.6 కిలోమీటర్లు. ఒక్కరోజే చేతిలో ఉంటే ఇదే పరుగెత్తండి. కోట దిగి పెద్ద రోడ్డు దాటగానే ఓక్ అడవిలోకి ఎక్కుతారు. నేల ఎర్రమట్టి, సున్నపురాయి, పైన రాలిన ఆకులు. వేసవిలో కూడా నీడ ఉంటుంది, ఈ దారిలో అది అపురూపం. రాళ్లు ఆకుల కింద దాక్కుంటాయి కనుక అక్టోబరు తర్వాత అడుగు కాస్త ఎత్తి వేయాలి. మధ్యలో కాస్తెల్లో దెల్లా కియొచ్చొలా, అంటే నత్తకోట. బురుజులోని మెలికల మెట్ల వల్ల వచ్చిన పేరు. ఆపైన పియాన్ దెల్ లాగో అనే మైదానం. పేరులో సరస్సు ఉంది కానీ నీళ్లు లేవు. 18వ శతాబ్దంలో భూగర్భ కాలువ తవ్వి ఆ మడుగును ఎండగట్టారు. ఈ దారి మొత్తంలో గడియారం చూసుకుని వేగం పెంచదగ్గ చోటు ఇదొక్కటే. చివరి నాలుగైదు కిలోమీటర్లు తారు, కార్లు. అర మార్కు కోసింది అందుకే. కమొల్లియా ద్వారం మీద లాటిన్‌లో చెక్కి ఉంటుంది: ఈ గుమ్మం కన్నా వెడల్పుగా సియెనా తన గుండె తెరుస్తుందని. అక్కడినుంచి కాంపో చౌకు దాకా వీధి పలకరాళ్లు వానకు సబ్బులా జారతాయి. జులై 2, ఆగస్టు 16 పాలియో గుర్రప్పందేలు. వాటికి ముందు రోజుల్లో చౌకు చుట్టూ మట్టి పరుస్తారు, ఊరు కిక్కిరిసిపోతుంది. ఆ వారాలు వదిలేయండి.

సియెనా నుంచి పోంతె దార్బియా దాకా 25 కిలోమీటర్ల పైచిలుకు. కూనా దగ్గరి కోటలాంటి పాత ధాన్యాగారం చూడదగ్గదే. మిగతా దారి చాలావరకు రైలుపట్టాల పక్కన, ఫ్యాక్టరీ షెడ్ల వెనక, నీడలేని చేలగట్ల మీద. సియెనాలో రైలెక్కి బువోన్‌కొన్వెంతోలో దిగడం మేలు. గోడ చుట్టిన చక్కటి చిన్న ఊరది. 1313లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఏడో హెన్రీ చనిపోయింది అక్కడే.

ఈ ప్రాంతం మట్టి గురించి విడిగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది దీనివల్లే. క్రేతె సెనేసి అంటారు. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బంకమన్ను. వాన వెలిసిన పూట నల్లరేగడి చేలో నడిచినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నాలుగడుగులకే బూటు రెండింతలవుతుంది, పదడుగులకు మడమ పక్కకు పోతుంది. ఎంత లోతు పళ్లున్న సోలైనా పళ్ల మధ్య మన్ను నిండాక నున్నటి పలకే. కాలు విదిలిస్తే రాలదు, తొడ కండరం పట్టేస్తుంది. పుల్లతో గీకి, గట్టు మీది గడ్డిలో నడవండి. పెద్ద వాన పడితే కనీసం ఒక పూర్తి ఎండరోజు ఆగి వెళ్లడం ఉత్తమం. ఎండిపోయాక ఇంకో బాధ: ట్రాక్టరు చక్రాల గాడులు రాయిలా గట్టిపడి చీలమండ మెలితిప్పుతాయి.

పోంతె దార్బియా తర్వాతి మజిలీ ముగిసే ఊరు శాన్ క్విరికో. అక్కడినుంచి వాల్ దోర్చా మొదలు. 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న లోయ, క్యాలెండర్లలో మీరు చూసిన కొండలు ఇవే. ఫ్రాంచీజెనా మీద కాకపోయినా, వితాలెతా చిన్నగుడి మీదుగా పియెంజాకు వెళ్లే పది పన్నెండు కిలోమీటర్ల కంకరబాటను వదలొద్దు. పొద్దున్నే మంచు లోయలో పరుచుకుని ఉండగా పరుగెత్తాలి. పదింటికి ఫొటోలవాళ్ల కార్లు దుమ్ము లేపుతాయి.

శాన్ క్విరికో–రాదికోఫాని 32.7 కిలోమీటర్లు. బాన్యో విన్యోనిలో ఊరి చౌకే వేడినీటి కొలను. అందులో దిగడం నిషేధం. దిగువన పాత పిండిమరల దగ్గరి కాలువలో కాళ్లు పెట్టుకోవచ్చు, డబ్బులక్కర్లేదు. గల్లీనా పల్లె దాటాక రాదికోఫాని దాకా తిండీ నీళ్లూ దొరుకుతాయని నమ్ముకోకండి. మనిషికి కనీసం లీటరున్నర, జూన్ తర్వాత రెండు. రాదికోఫాని కోట 896 మీటర్ల ఎత్తున, పొద్దున్నుంచీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరికి మాత్రం రాదు. ఫోర్మోనె లోయలో వాన పడ్డాక వాగు దాటడం ప్రమాదం. చివర్లో నాలుగైదు వందల మీటర్ల ఎత్తు ఒకే పట్టున ఎక్కాలి, నీడ అన్నది లేదు, గాలి మాత్రం దండిగా. అలవాటైనవాళ్లకు ఇదే పండగ, కొత్తవాళ్లకు శిక్ష. మార్కులు వేయలేదు అందుకే. కాస్సియా రోడ్డు అడ్డదారి అనిపిస్తుంది, పోకండి. అంచు లేదు, లారీలు ఆగవు.

బూట్లకు మూడు నాలుగు మిల్లీమీటర్ల పళ్లు చాలు. తెల్ల కంకర దిగుడులో గోలీల మీద నడిచినట్టు జారుతుంది. మడమతో బ్రేకు వేయకుండా చిన్న చిన్న అడుగులు వేయండి. బూటు మీద గుడ్డ తొడుగు ఉంటే రాళ్లు లోపలికి రావు.

తోస్కానా రొట్టెలో ఉప్పు వేయరు. చెమట బాగా పట్టేవాళ్లు దాని మీద ఆధారపడితే పిక్కలు పట్టేస్తాయి. ఉప్పూ నూనే ఉండే స్కియాచ్చాతా రొట్టె అడగండి, లేదా ఉప్పు బిళ్లలు వెంట ఉంచుకోండి. దారిలో నమలడానికి సియెనా పాన్‌ఫోర్తె బ్రహ్మాండం, గింజలూ పండ్లూ తేనే దట్టించిన అచ్చు. శాకాహారులకు పీచి అల్లాల్యోనె (వెల్లుల్లి, టమాటా వేసిన లావు పాస్తా), రిబొల్లీతా (రొట్టె, కూరగాయల చిక్కటి సూపు) దొరుకుతాయి. పెకొరీనో జున్ను పేరబెట్టడానికి సాధారణంగా జంతువుల పొట్టలోంచి తీసే రెన్నెట్ అనే పదార్థం వాడతారు, పట్టింపు ఉంటే వదిలేయండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పల్లె దుకాణాలు మూసే ఉంటాయి. నీళ్ల పంపు మీద 'నాన్ పొతాబిలె' అని ఉంటే తాగే నీళ్లు కావు.

వాల్ దోర్చా గొర్రెల మందల దగ్గర తెల్లటి మరెమ్మా కుక్కలుంటాయి. పరుగెత్తే మనిషి వాటికి తోడేలుతో సమానం. పరుగు ఆపి, కళ్లలోకి చూడకుండా, మందకు దూరంగా చుట్టు తిరిగి నడవండి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరిదాకా వేట కాలం. అడవిపందుల వేట చెట్ల మధ్యే జరుగుతుంది కనుక మోంతెరిజ్జోని అడవికి మెరిసే రంగు బనియను తప్పనిసరి. మంగళ, శుక్రవారాల్లో చట్టప్రకారం వేట ఉండదు, అడవి ముక్కలు ఆ రోజులకు పెట్టుకోండి. ఆపదలో 112.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటివారం, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివర: ఇవీ నా రోజులు. జులై, ఆగస్టుల్లో వెళ్లక తప్పకపోతే ఐదున్నరకు బయల్దేరి పదిలోపు ముగించండి. తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి. ఆదివారం పల్లె బస్సులు దాదాపు ఉండవు, రాదికోఫాని నుంచి మరీను. మోంతెరిజ్జోని స్టేషను కోటకు ఆనుకుని లేదు, కొన్ని కిలోమీటర్ల దూరం. సియెనా స్టేషను ఊరి కింద, ఊరు పైన. అలిసిన కాళ్లతో ఆ కొండ ఎక్కకండి. స్టేషను ఎదుటి షాపింగ్ భవనంలోంచి ఎస్కలేటర్లు వరసగా పైదాకా తీసుకెళ్తాయి.