మాంటిస్సోరిలో ఐదేళ్ళు: మా బాబుకి ఏం వచ్చింది, ఏం రాలేదు

మా బాబు ఆరో ఏట నుంచి ఐదో తరగతి పూర్తయ్యేదాకా మాంటిస్సోరి పద్ధతిలోనే, అంటే పుస్తకాల కంటే ముందు వస్తువులతో చేత్తో పనిచేసి నేర్చుకునే పద్ధతిలో, చదివాడు. హైదరాబాద్‌లోనే, రెండు స్కూళ్ళలో. ఇప్పుడు మామూలు సీబీఎస్‌ఈ స్కూల్లో ఏడో తరగతి. మూడేళ్ళ పిల్లల్ని మాంటిస్సోరిలో వేసినవాళ్ళు మా కాలనీలోనే బోలెడుమంది. ప్రైమరీ దాకా కొనసాగించినవాళ్ళు మాత్రం అప్పట్లో ఒక్కరూ దొరకలేదు. అలాంటి మనిషి కోసం ఎంత వెతికానో నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు లెక్కల సంగతి. వాడికి ఏడేళ్ళప్పుడు ఒకరోజు మా అత్తయ్యగారు "నాన్నా, భాగహారాలు వచ్చా నీకు?" అని అడిగారు. మనవడికి పుస్తకాలు లేవు, హోంవర్క్ లేదు అని ఆవిడకి అప్పటికే టెన్షన్. వాడు కాగితం కూడా తీసుకోలేదు. "4,368ని ముగ్గురికి పంచాలనుకో నానమ్మా. నాలుగు వేలున్నాయి కదా, తలా ఒకటి ఇచ్చేశాం. ఒక వెయ్యి మిగిలింది. దాన్ని బ్యాంకులో ఇచ్చి పది వందలు తెచ్చుకుంటాం. మన దగ్గరున్న మూడు వందలతో కలిపితే పదమూడు వందలు..." అంటూ ఒకట్ల దాకా వెళ్ళి, తలా 1,456 వస్తాయని చెప్పాడు. మా చిన్నప్పుడు భాగహారం అంటే "పక్క అంకె కిందికి దించు" అన్నదే. ఎందుకు దించుతున్నామో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

ఇదంతా చేత్తో పట్టుకున్న వస్తువుల నుంచి వచ్చింది. వాడన్న 'బ్యాంకు' క్లాసులో ఆ వస్తువులు ఉంచే చోటే. ఒక పూస అంటే ఒకటి. పది పూసలు తీగకి గుచ్చితే పది. అలాంటి పది వరసలు కలిపితే వంద పలక, పది పలకలు పేరిస్తే వెయ్యి. వెయ్యికీ వందకీ తేడా పిల్లవాడికి బరువులోనే తెలుస్తుంది. తర్వాత పూసలు పోయి, అంకె రాసి ఉన్న చిన్న రంగు బిళ్ళలు వస్తాయి: ఒకట్లకి ఆకుపచ్చ, పదులకి నీలం, వందలకి ఎరుపు. కాగితం మీద లెక్క ఆ తర్వాతే. ఈ దారిలో తొందర పెట్టకపోవడమే అసలు విషయమని నాకు అనిపించింది.

ఎక్కాలు మాత్రం నోటికి రాలేదు. 7×8 అంటే ఆలోచించి చెప్పేవాడు. అత్తయ్యగారే రోజూ దీపం పెట్టాక కూర్చోబెట్టి పన్నెండో ఎక్కం దాకా వల్లె వేయించారు. ఆ పని ఇంట్లో చేయాల్సిందే అని ఇప్పుడు నా అభిప్రాయం.

ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలందరూ ఒకే గదిలో ఉంటారు. మొదటి ఏడాది పెద్దపిల్లల పని చూస్తూ కూర్చున్న మావాడు, మూడో ఏడాది వచ్చేసరికి చిన్నవాళ్ళకి చూపించేవాడు. భూమి పుట్టుక కథ విన్న రోజున ఇంటికొచ్చి నా పాత నల్లచీర అడిగాడు. క్లాసులో భూమి వయసుకి గుర్తుగా పొడవాటి నల్లగుడ్డ పరిచారట, చివర సన్నటి ఎర్రగీత ఒక్కటే మనుషులదట. చీర హాల్లోంచి వంటింటి దాకా పరిచి, అంచున ఎర్రదారం పెట్టి చెల్లెలికి చూపించాడు. విశ్వమంతటినీ ఒక కథగా చెప్పే ఈ పద్ధతి మన దేశంలోనే పదునెక్కింది. దీన్ని మొదలుపెట్టిన ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చారు. యుద్ధం మూలంగా ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చి, కొడైకెనాల్‌లో ఉన్నప్పుడు ఈ వయసు పిల్లల చదువు మీద చాలా పని చేశారు. అది తెలిశాక నాకు చాలా సంతోషం వేసింది.

మూడో ఏడాది మధ్యలో దెబ్బ తగిలింది. క్లాసు టీచర్ మానేశారు. ఆ స్కూలు వాళ్ళు శిక్షణ ఉన్నవాళ్ళని తీసుకోకుండా వర్క్‌బుక్కులు తెచ్చి, నలభై నిమిషాలకో బెల్లు పెట్టారు. అంతకుముందు పొద్దున మూడు గంటలు పిల్లల్ని ఎవరూ కదిపేవాళ్ళు కాదు. బెల్లు మొదలయ్యాక, సగం పరిచిన లెక్క మళ్ళీ డబ్బాలో పెట్టేయాల్సి వచ్చేది. రెండు నెలల్లో వాడు "స్కూలుకి వెళ్ళను" అనడం మొదలుపెట్టాడు. ఫీజు కట్టేశామని ఏడాది చివరిదాకా ఆగి, అప్పుడు మార్చాం. ఆగకుండా ఉండాల్సింది.

మాంటిస్సోరి అనే పేరు ఏ స్కూలైనా పెట్టుకోవచ్చు, అడ్డేమీ లేదు. అందుకని రెండోసారి బోర్డు చూడలేదు. పొద్దున పది గంటలకి వెళ్ళి అరగంట క్లాసు బయట కూర్చున్నాను. సామాన్లు పిల్లలకి అందే అరల్లో ఉన్నాయా, అద్దాల బీరువాలో ఉన్నాయా? టీచర్‌కి ఆరేళ్ళు దాటిన పిల్లల కోసం విడిగా శిక్షణ ఉందా? చిన్నపిల్లల శిక్షణ దీనికి సరిపోదు.

తెలుగు విషయంలో రెండు స్కూళ్ళూ నిరాశపరిచాయి. ఇంగ్లీషుకి విడి అక్షరాల పెట్టె ఉంటుంది, పిల్లలు అక్షరాలు పక్కపక్కన పేర్చి మాట కడతారు. తెలుగులో అలా కుదరదు. 'ప'కి పక్కన 'ఇ' పెడితే 'పి' కాదు, తలకట్టు తీసి గుడి పెట్టాలి. చివరికి నేనే దళసరి అట్టతో తలకట్టు లేని హల్లులు, విడిగా గుడి, కొమ్ము, ఏత్వం, ఒత్తులు కత్తిరించాను. రెండు నెలలు పట్టింది. వాడు మొదట పేర్చిన మాట 'పిల్లి'. అప్పటికి వాడు నాలుగో తరగతి, ఆలస్యమే.

ఆరో తరగతిలో కొత్త స్కూలు. మొదటి యూనిట్ టెస్టులో సోషల్ పేపర్ సగం ఖాళీ. జవాబులు తెలుసు, చెయ్యి అంత వేగంగా నడవలేదు. టైమ్ పెట్టి రాయడం వాడికి పూర్తిగా కొత్త. దసరా సెలవుల్లో రోజూ గంటసేపు రాయించాక అర్ధసంవత్సర పరీక్షలకి సర్దుకున్నాడు. ఫీజు మా పక్కింటి పిల్లల స్కూలు కంటే దాదాపు రెట్టింపు అయింది, ఆ భారం మామీద బాగానే పడింది.

అయినా చిన్నదాన్ని ఈ జూన్‌లో వాడు చివర చదివిన స్కూల్లోనే చేరుస్తున్నాం. అట్ట అక్షరాలు అటక మీద నుంచి దించాను. కొమ్ములు రెండు పోయాయి, మావాడే మళ్ళీ కత్తిరించి ఇచ్చాడు.