కోరంగి మడ అడవిలో రెండు పడవ ప్రయాణాలు

కాకినాడ దగ్గరి కోరంగిలో పడవ టికెట్టుకన్నా ముందు సముద్రపు పోటు వేళ కనుక్కోవాలని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే 4,800 రూపాయలూ, ఒక మధ్యాహ్నమూ, మా మావయ్యగారి ప్రసన్నతా మిగిలేవి.

చొల్లంగి అమావాస్య మర్నాడు కాకినాడలో దిగాం. సముద్రస్నానాలకు వచ్చినవారు ఇంకా కదలకపోవడంతో, దొరికిన లాడ్జిలో గదికి 1,900 చొప్పున రెండు గదులు తీసుకోవలసి వచ్చింది. కౌంటరులోని కుర్రవాడు కారు, పడవ, గైడు అన్నీ కలిపి నలుగురికి 4,800 అనీ, మూడు గంటల పాటు తిప్పి హోప్ ఐలాండు దాకా చూపిస్తారనీ నమ్మబలికాడు. పైగా చేపలు పట్టే నీటిపిల్లి బొమ్మ ఫోనులో చూపించేసరికి మా అమ్మాయి బేరం కూడా ఆడనివ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి రేవుకు చేరేసరికి నీరు తీసేసి ఉంది. గైడు అంటే కారు డ్రైవరేనట. అతను కారు దిగనే లేదు. పడవ మొదటి మలుపు దాటగానే మోటారు బురదను చిలకడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పక తప్పలేదు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నా గడియారంలో సరిగ్గా 18 నిమిషాలు. ఇక హోప్ ఐలాండు సంగతికి వస్తే, అది కాకినాడ అఖాతానికి అడ్డుగా కట్టినట్టు సుమారు 16 కిలోమీటర్ల పొడవున పడుకున్న ఇసుక దిబ్బ. ఆ పాయలో నుంచి చూడాలంటే దివ్యదృష్టి కావాలి. లాడ్జికి వచ్చి నిలదీస్తే, "అడవి చూశారు కదండీ" అన్న సమాధానం వచ్చింది. అరగంట వాదనకు 300 తిరిగి ఇచ్చారు. జీవితమంతా లెక్కల గుమాస్తాగా పనిచేసిన మావయ్యగారు ఆ రాత్రి భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు.

అయితే పడవ నడిపే పెద్దాయన మమ్మల్ని దించుతూ ఒక మాట అన్నాడు: "అమావాస్య పోటు పెద్దదండీ, తీసినప్పుడూ అలాగే తీసేస్తాది. రేపు తొమ్మిదిన్నరకి రండి, కొమ్మల కింద నుంచి తీసుకెళ్తాను, ఆయ్."

మర్నాడు ఆటోకు రానూపోనూ 900 ఇచ్చి మేమే వెళ్లాం. నిన్నటి పాయేనా ఇది అనిపించింది. తెల్లమడ, నల్లమడ కొమ్మలు నీటిని తాకుతుంటే తల వంచుకుని కూర్చున్నాం. తిల్ల చెట్టు దగ్గర పెద్దాయన పడవ నెమ్మది చేసి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, చెయ్యి బయట పెట్టవద్దని అమ్మాయిని హెచ్చరించాడు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి ఒకప్పుడు పెద్ద ఓడరేవును ఆనుకుని ఉండేది. 1839 నవంబరు ఉప్పెనకు ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారని మావయ్యగారు మొదలుపెట్టి, వాళ్ల పెదతాత రంగూను కథ రేవు చేరేదాకా చెప్పారు. ఆయన మాట్లాడారన్న సంతోషంతో మేమెవరం అడ్డు తగల్లేదు.

తిరుగు దారిలో తాళ్లరేవు దగ్గర, బోర్డు కూడా లేని ఒక పూరింట్లో భోజనం చేశాం. మనిషికి 160. పీతల పులుసులో పులుపు, కారం రెండూ ఘాటుగానే ఉన్నా, పీత డొప్పలోని గుజ్జును అన్నంలో ఎలా కలుపుకోవాలో వడ్డించే ఆవిడ పక్కన నిలబడి నేర్పింది. మా ఆవిడ మూడోసారి అన్నం పెట్టించుకోవడం నేను ఈ మధ్య చూడలేదు.

న్యాయంగా చెప్పాలంటే మొదటిరోజు పూర్తిగా దండగ కాలేదు. పడవ దిగాక చెక్కల వంతెన మీద నడుస్తుంటే, బురదలో నుంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లూ, ఒక్క పెద్ద డెక్కను ఎత్తి పిలుస్తున్నట్టు ఊపే చిన్న పీతలూ స్పష్టంగా కనిపించాయి. మర్నాటి పోటులో అవన్నీ మునిగిపోయాయి. అందుచేత నీరు తీసినప్పుడు వంతెన మీద నడవండి, పోటుకు పడవ ఎక్కండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటు ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఉంటుంది. ఆ తరువాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఈ లెక్క రేవులో ఎవరిని అడిగినా చెబుతారు, లాడ్జి కౌంటరులో తప్ప.

నీటిపిల్లి మాత్రం కనిపించలేదు. మొదటిరోజు బురద మీద కనిపించిన అడుగులు నీటికుక్కవి కావచ్చునని పెద్దాయన అన్నాడు. మా అమ్మాయి ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.