ఆరేళ్లుగా ఒకే కుర్చీ: ఏం అరిగింది, ఏం మిగిలింది

ఈ కుర్చీ కొని ఆరేళ్లు దాటింది. రోజుకు ఎనిమిది గంటలు, పని మీద పడితే పదీ పన్నెండు. కొన్న వారానికే ఆకాశానికెత్తేసిన సమీక్షలు చదివి ఒకసారి బోల్తా పడ్డాను. అందుకే ఈసారి చక్రాలు అరిగాకే రాద్దామని ఆగాను. అరిగాయి. ఒకసారి మార్చాను కూడా.

ముందు ఆ బోల్తా సంగతి. అప్పుడు కొన్న పాత కుర్చీ ఎత్తైన వీపు, నల్లటి రెక్సిన్, ఉబ్బెత్తు దిండ్లతో దర్జాగా ఉండే రకం. కూర్చుని చూస్తే లేవబుద్ధి కాలేదు. ఆ మెత్తదనమే కొంప ముంచింది. ఏడాది తిరక్కుండా ఫోమ్ అణిగిపోయి కింద చెక్క తగలడం మొదలైంది. రెండో ఏడు రెక్సిన్ పొలుసులు పొలుసులుగా రాలింది. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ చొక్కా వీపు మీద నల్లటి తునకలు, నేల మీద ఇంకొన్ని. ఆ పూత తేమకు విరిగిపోయే రకమట, వాడకుండా మూల పెట్టినా కొన్నాళ్లకు ఊడుతుందట. ఆఖరికి కుర్చీని పైకీ కిందికీ జరిపే గ్యాస్ సిలిండర్ కూడా చేతులెత్తేసింది. వీడియో మీటింగ్‌లో నేను సీరియస్‌గా లెక్కలు చెబుతుంటే కుర్చీ మెల్లగా దిగిపోయింది. నా మాట పూర్తయ్యేసరికి తెర మీద నుదురు తప్ప ఏమీ లేదు.

ఇవన్నీ కళ్లకు కనిపించిన లోపాలు. అసలు బాధ వేరే ఉందని కుర్చీ మార్చాక గాని తెలియలేదు. అది నా ఒంటికి సరిపడే కుర్చీ కాదు.

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఆ పాత కుర్చీ సీటు లోతు, అంటే ముందు అంచు నుంచి వీపు ఆనే చోటు దాకా, 52 సెంటీమీటర్లు. వీపు ఆనేలా వెనక్కి జరిగితే సీటు అంచు మోకాలి మడతలో ఒత్తుకునేది, పిక్కలు తిమ్మిరెక్కేవి. ముందుకు జరిగితే వీపు గాల్లో. రోజంతా ఈ రెంటి మధ్య ఊగిసలాటే, సాయంత్రానికి నడుం పట్టేసేది. నా కూర్చునే తీరే బాగాలేదని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. చెప్పులు కొనేటప్పుడు నంబరు అడుగుతాం, కుర్చీ దగ్గర ఎవరూ అడగరు. 1994లో ఏరాన్ అనే ఆఫీసు కుర్చీని తెచ్చిన అమెరికా కంపెనీ హెర్మన్ మిల్లర్ వాళ్లు దాన్ని ఏ, బీ, సీ అని మూడు సైజుల్లో చేశారు. ఇప్పటికీ చాలా కంపెనీలు ఒకే కొలతను అందరికీ అంటగడుతున్నాయి.

ఇప్పటి కుర్చీలో సీటు ముందుకూ వెనక్కీ జరుగుతుంది. నడుం పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చుంటే, సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. నేను 43 సెంటీమీటర్ల దగ్గర బిగించాను, మళ్లీ ముట్టుకోలేదు. కొనే ముందు ఒక్కటే చూసే ఓపిక ఉంటే ఇదే చూడండి. సీటు ముందు అంచు కిందికి వంపు తిరిగి ఉందో లేదో కూడా చేత్తో తడిమి చూడండి.

కుర్చీ మారిన వెంటనే సుఖపడ్డానా అంటే లేదు. నా బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. మోచేతులు బల్లకు సరిగ్గా రావాలంటే కుర్చీ పైకి లేపాలి, లేపితే మడమలు నేలకు ఆనవు. కాళ్లు వేలాడితే బరువంతా తొడల కింద పడుతుంది. మొదటి రెండు నెలలు కొత్త కుర్చీనే అనుమానించాను. పాదాల కింద ఒక ఏటవాలు పీట పెట్టాక ఆ గొడవ వదిలింది. కుర్చీని మాత్రమే మార్చి బల్లను పట్టించుకోకపోతే సగం పనే అయినట్టు.

కుర్చీ వీపులో నడుం ఆనే చోట ఉండే ఉబ్బు గురించి కంపెనీలు ఊదరగొడతాయి. అది ఎంత ఉబ్బెత్తుగా ఉందనే దానికన్నా పైకీ కిందికీ జరుగుతుందా అన్నదే నాకు ముఖ్యం. ఒక చోటే బిగిసి ఉంటే పొడుగువాళ్లకు తుంటి మీద, పొట్టివాళ్లకు పక్కటెముకల మీద పొడుస్తుంది. తల ఆనించే దిండును మొదటి నెలలోనే ఊడదీసి అటక మీద పడేశాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

వెనక్కి వాలే ఏర్పాటు మీద మాత్రం కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. చవక రకాల్లో సీటూ వీపూ కలిసి వంగుతాయి, మోకాళ్లు లేచి పాదాలు నేల వదిలేస్తాయి. సింక్రో అనే రకంలో సీటు ఒక డిగ్రీ వంగితే వీపు సుమారు రెండు డిగ్రీలు వెనక్కి పోతుంది, కాళ్లు కదలవు. సీటు కింద బిగింపు నాబ్‌ను మీ బరువుకు తగ్గట్టు తిప్పుకోవాలి. ఆరేళ్లలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, నిటారుగా బిగదీసుకుని కూర్చోవడం కన్నా గంటకు నాలుగుసార్లు వాలి లేవడం మేలు. ఆ పని సులువుగా జరగనిస్తే అది మంచి కుర్చీ.

ఇక మన్నిక. ఫోమ్‌ను మెత్తదనం చూసి కొనకండి. సాంద్రత వేరు, మెత్తదనం వేరు. ఘనపు మీటరుకు 50 కిలోలు, ఆ పైన ఉండే అచ్చు పోసిన ఫోమ్ మొదట గట్టిగా అనిపిస్తుంది గాని అంత త్వరగా అణగదు. నా సీటు మధ్యలో కొద్దిగా పల్లం పడింది, చెక్క మాత్రం తగల్లేదు. వీపుకు మెష్, సీటుకు ఫోమ్ ఉన్నది కావాలనే తీసుకున్నాను. నాసిరకం మెష్ సీటు కొన్నాళ్లకు నులక మంచంలా సాగుతుంది, కింద ఫ్రేము అంచు తొడలకు కోసుకుంటుంది.

పెట్టె మీద బిఫ్మా అని కనిపిస్తే పొంగిపోవద్దు. అది ఆఫీసు ఫర్నిచర్‌కు పరీక్షల ప్రమాణాలు పెట్టే అమెరికా తయారీదారుల సంఘం. ఆ పరీక్షల్లో 57 కిలోల సంచిని సీటు మీద లక్షసార్లు వేసి చూస్తారు, అది మంచిదే. కొన్ని చోట్ల సిలిండర్‌కో ఐదు కాళ్ల బేస్‌కో వచ్చిన సర్టిఫికెట్‌ను కుర్చీ మొత్తానికి అంటించి చెబుతారు. దేనికి వచ్చిందో అడగండి. అసలు ఆ పరీక్ష కుర్చీ విరుగుతుందా లేదా అనే చెబుతుంది, మీ నడుం సంగతి దానికి అక్కర్లేదు.

చక్రాలకు మొదట నైలాన్‌వి వచ్చాయి. అవి కార్పెట్‌కు పనికొస్తాయి గాని టైల్స్ మీద గరగరమంటూ జారిపోతాయి, గీతలు పెడతాయి. నాలుగో ఏడు కాస్త మెత్తగా ఉండే పాలీయురేథేన్ చక్రాలు వేశాను. కుర్చీ బోర్లించి లాగితే ఊడి వస్తాయి, కొత్తవి నొక్కితే దిగిపోతాయి, బేస్‌లోకి దిగే కాడ 11 మిల్లీమీటర్లదా అని చూసుకుంటే చాలు. పాత చక్రాల ఇరుసుకు చుట్టుకున్న జుట్టును కత్తెరతో తీస్తే పిడికెడు వచ్చింది.

సిలిండర్ మార్చడం అంత తేలిక కాదు. పాత కుర్చీకి ఒక పూటంతా సుత్తితో కుస్తీ పట్టాను. దానికి బోల్టులుండవు, సన్నబడే కొస కన్నంలో ఇరుక్కుని బిగిసి కూర్చుంటుంది. పైపు పానాతో పట్టి మెలితిప్పితేనే వదిలింది. లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది కాబట్టి కోసి చూడాలనే సరదా వద్దు.

నా కుర్చీ మీద ఫిర్యాదులూ ఉన్నాయి. చేతులు పెట్టుకునే భాగం పైకీ కిందికీ మాత్రమే జరుగుతుంది, లోపలికి జరగదు. టైపు చేసేటప్పుడు మోచేతులు రెక్కల్లా విచ్చుకుంటాయి. ఏడాదికోసారి కిర్రుమంటుంది, సీటు కింది నాలుగు బోల్టులనూ అలెన్ కీతో బిగిస్తే ఊరుకుంటుంది. పోయిన నెల ఎడమ చేతి ప్యాడ్ పగిలింది. కుర్చీ మోడల్ నంబరు చెబితే ప్యాడ్ ఒక్కటీ విడిగా పంపారు. మూడు స్క్రూలు, పది నిమిషాల పని. కుడి వైపు ఇంకా పాతదే, ఈ మాటలు రాస్తున్న మోచెయ్యి దాని మీదే ఉంది.