కీమో సపోర్ట్ క్యాప్సూల్స్: అల్లం వరకు ఓకే, మిగతాది వద్దు

అమ్మకి కీమో నడుస్తోందని తెలిసి ఎవరో చెబితే ఈ హెర్బల్ క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. వాంతులు, తిమ్మిర్లు, నోటిపూత, నీరసం అన్నిటికీ ఒక్కటే మందట. లోపల అల్లం, పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్, మిరియాల నుంచి తీసిన పైపరిన్, గ్రీన్ టీ సారం, ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉన్నాయి. ఏది ఎన్ని మిల్లీగ్రాములో మాత్రం రాయలేదు, అన్నీ కలిపి ఒకే అంకె వేశారు.

అల్లం సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఇందులో పనికొచ్చేది అదే. 2012లో అమెరికాలో 576 మంది కీమో పేషెంట్ల వివరాలతో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకి అర గ్రాము, గ్రాము తీసుకున్నవాళ్ళకి మొదటి రోజు వికారం బాగా తగ్గింది, ఒకటిన్నర గ్రాముకి పెంచితే అంతకన్నా లాభమేమీ కనిపించలేదు. అయితే వాళ్ళు ఆసుపత్రిలో ఇచ్చే వాంతుల మందులు వేసుకుంటూనే, కీమోకి 3 రోజుల ముందు నుంచి అల్లం కూడా తీసుకున్నారు. ఈ డబ్బా మీద ఆ మాటే లేదు, చదివితే వాంతుల మాత్ర మానేసి ఇది వేసుకోవచ్చేమో అనిపించేలా రాశారు.

నాకు బాగా కోపం తెప్పించింది కార్నిటిన్. తిమ్మిర్లు రాకుండా ఆపుతుందని గొప్పగా వేశారు కదా, 2013లో వచ్చిన ట్రయల్‌లో టాక్సేన్ రకం కీమో మందులు తీసుకుంటున్న 409 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో కొందరికి ఇది, కొందరికి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చి చూస్తే, ఇది వేసుకున్నవాళ్ళకే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి!

పైపరిన్ వేసేది కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి. కానీ అది మందుల్ని విరిచే ఎంజైముల్ని కూడా అడ్డుకుంటుంది, డోసెటాక్సెల్ అనే కీమో మందు విరిగేది అలాంటి ఎంజైముతోనే, కాబట్టి రక్తంలో మందు మోతాదు పెరిగి సైడ్ ఎఫెక్ట్స్ ఇంకా ఎక్కువ కావచ్చు. ఈ జోడీ వేసుకున్న కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. గ్రీన్ టీ సారమైతే బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందుకి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదని ల్యాబ్‌లోనూ ఎలుకల్లోనూ చూశారు.

సహజం కాబట్టి ప్రమాదం లేదని డబ్బా నిండా రాసుకున్నారు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు బిళ్ళగన్నేరు మొక్క నుంచే వచ్చింది, తిమ్మిర్లు తెప్పించే మందుల్లో అదీ ఒకటి మరి.

డబ్బా మా ఆంకాలజిస్ట్‌కి చూపిస్తే ఇది పక్కన పెట్టేయమన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, రక్తం పలచబడే మందులు వాడుతున్నప్పుడు తప్ప విడిగా అల్లం క్యాప్సూల్ వేసుకోవచ్చన్నారు. అమ్మ వేసుకుంది, వికారం కాస్త తగ్గిందనే అంటోంది. అదే సైకిల్‌లో వాంతుల మందు కూడా మార్చారు, కాబట్టి గొప్పంతా అల్లానిదే అనలేను. నోటిపూతకైతే ఈ క్యాప్సూల్ కన్నా ఐస్ ముక్కలు నయం: ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందు బోలస్‌గా, అంటే ఒక్కసారే త్వరగా, ఎక్కించేటప్పుడు అరగంట చప్పరించమని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కూడా ఎక్కిస్తుంటే మాత్రం చల్లటిది పడదు, నర్సుని అడగండి.

ఏది ఎంతుందో చెప్పమని సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను. 'మా ఫార్ములా రహస్యం' అని జవాబొచ్చింది. కీమోలో ఉన్న మనిషికి రహస్యం మింగించే ఉద్దేశం నాకు లేదు, వాపస్ పంపేశాను. ఒక స్టార్.