బత్తాయి తోటకు, పత్తి చెల్కకు చిన్న ట్రాక్టర్: జివో, కుబోటా, స్వరాజ్ 717లో ఏది మేలు?

చిన్న ట్రాక్టర్ కొందామనుకున్న రైతు మొదట అడిగేవి రెండే: హెచ్‌పీ ఎంత, రేటెంత. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట వైపు వాళ్లు నన్ను అడిగితే ముందు ఇంకోటి చూసుకోమంటాను: పార్టులు దొరికే కౌంటర్ ఊరికి ఎంత దూరం? పత్తిలో గుంటక తోలే పదును వాన వెలిశాక రెండు మూడు రోజులకు మించి ఉండదు. ఆ రోజుల్లో బండి చెట్టు కింద ఆగిపోతే, ఏడాదంతా బాగా నడిచినా ఏం లాభం?

అసలు చిన్న బండే ఎందుకంటే, మన పంటలే కారణం. ముదురు బత్తాయి తోటలో కొమ్మలు కిందికి దిగి ఉంటాయి. 45 హెచ్‌పీ బండి దూరితే కాయలు రాలిపోతాయి, డ్రైవర్ మొహం గీసుకుపోతుంది. పైగా బత్తాయికి ఆహారం తీసుకునే వేర్లు పైపైనే ఉంటాయి, లోతు దుక్కి చెట్టుకే చేటు. పత్తి సాళ్లలోనూ ఇరుకే. షోరూంలో చెప్పిన వెడల్పును నమ్మకుండా, టైరు బయటి అంచు నుంచి బయటి అంచు దాకా టేపు పెట్టి కొలవండి.

24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేది) అనుకుంటే ఎక్కువగా మాటకొచ్చేవి మహీంద్రా జివో 245, కుబోటా నియోస్టార్ బి2441. జివోది రెండు సిలిండర్ల ఇంజిన్, కుబోటాది మూడు సిలిండర్లు. తేడా సీట్లో కూర్చున్న వెంటనే తెలుస్తుంది: కుబోటా సాఫీగా తిరుగుతుంది, అదురు తక్కువ. రోజంతా తోటలో తిప్పేవాడి నడుముకు అది మామూలు సుఖం కాదు. జివో కాస్త మోటు, కానీ నాలుగడుగుల రోటవేటర్ వేసుకుని పని లాగేస్తుంది. యంత్రం వరకే చూస్తే నా ఓటు కుబోటాకే.

కానీ ఓటు యంత్రం ఒక్కదానికే వేసేది కాదు. ఫోర్ వీల్ చిన్న బండిలో నాకు ఎప్పుడూ అనుమానంగా కనిపించే జాగా ముందు యాక్సిల్. దమ్ములో దిగినా, గడ్డి, డ్రిప్ పైపు ముక్కలు హబ్‌కు చుట్టుకున్నా మొదట పోయేది ఆయిల్ సీల్, అంటే నూనె బయటికి, మట్టి లోపలికి పోకుండా ఆపే రింగు. మొదట హబ్ చుట్టూ నూనె చెమ్మ, దాని మీద దుమ్ము గట్టిపడి నల్లటి పట్టు కనిపిస్తుంది. అప్పుడే మారిస్తే పని తేలిగ్గా అయిపోతుంది. సీల్ దొరక్క అలాగే తోలితే మట్టి లోపలికి పోయి బేరింగులు, పళ్ల చక్రాలు తింటుంది. మా పక్క చేనులో ఒక బండి, కంపెనీ పేరు ఎందుకు గానీ, ముందు చక్రం ఊడదీసి, హబ్‌కు గోనెసంచి చుట్టి, పత్తికి సరిగ్గా పాటు అవసరమైనప్పుడు అలా నిలబడిపోయింది. మెకానిక్ ఉన్నాడు, పనిముట్లు ఉన్నాయి, సీల్ మాత్రం రాలేదు.

అందుకే కొనేముందు సేల్స్ కుర్రాడితో కాదు, పార్టుల కౌంటర్‌లో కూర్చున్నాయనతో మాట్లాడండి. "అన్నా, ఈ మోడల్‌కు క్లచ్ ప్లేట్, హైడ్రాలిక్ ఫిల్టర్, ముందు హబ్ సీల్ ఉన్నాయా? ఒకసారి చూపిస్తవా?" అని అడగండి. లేచి డబ్బా తెచ్చి చూపిస్తే సరే. "ఆర్డర్ పెడితే వస్తది" అంటే ఎన్ని రోజులకో అడగండి, పోయిన వానాకాలంలో ఎవరికైనా తెప్పించారా అనీ అడగండి. అదే మోడల్ వాడే ఇద్దరు రైతుల నంబర్లు ఇవ్వడానికి డీలర్ వెనకాడితే నేనైతే అక్కడే ఆగిపోతాను.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. స్వరాజ్ 2007 నుంచి మహీంద్రా చేతిలోనే ఉంది, కానీ ఒకరి పార్టు ఇంకొకరి షోరూంలో ఉంటుందనుకోవద్దు. ఎస్కార్ట్స్, కుబోటా ఒకే కంపెనీ అయ్యాయి కాబట్టి ఎస్కార్ట్స్ బ్రాండైన ఫార్మ్‌ట్రాక్ షాపులో కుబోటా సీల్ దొరుకుతుందనీ లెక్కేసుకోవద్దు. మహీంద్రాదే ఇంకో చిన్న ట్రాక్టర్ల వరుస ఓజా 2023లో వచ్చింది, మన జహీరాబాద్ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. అయినా ఫ్యాక్టరీ మన రాష్ట్రంలో ఉంటే పార్టు దేవరకొండలో ఉన్నట్టు కాదు. ఓజా పై మోడళ్లలో ఎలక్ట్రానిక్ సదుపాయాలు కూడా ఉంటాయి. అవి పాడైతే ఊరి మెకానిక్ స్పానర్ పక్కన పెట్టి షోరూంకు ఫోన్ చేయాల్సిందే.

మూడోది స్వరాజ్ 717. ఒకే సిలిండర్, 15 హెచ్‌పీ, ఇంజిన్ బలం వెనక చక్రాలకే. చూసి నవ్వేవాళ్లున్నారు, నేను నవ్వను. ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ లేదు కాబట్టి పైన చెప్పిన తలనొప్పే లేదు. ఒక్క సిలిండర్ ఇంజిన్ విప్పడానికి జడిసే మెకానిక్ మన దగ్గర అరుదు. మూడు నాలుగెకరాల చెల్కలో పత్తి, మందు కొట్టే పంపు, అంతరకృషి వరకే మీ పనైతే 24 హెచ్‌పీకి డబ్బు పెట్టక్కర్లేదు. మిర్యాలగూడ వైపు మడిలో దమ్ముకు మాత్రం ఇది పనికిరాదు. ధాన్యం ట్రాలీ లాగాలంటే ఈ మూడింటిలో ఏదీ వద్దు, 40 హెచ్‌పీ పైన చూసుకోండి, లేదా కిరాయికి పిలుచుకోండి.

నా లెక్క ఇది: బత్తాయి, మామిడి తోటలే ప్రధానమై, కుబోటా సర్వీస్ మెకానిక్ అదే రోజు పొలానికి రాగలిగే దూరంలో ఉంటే కుబోటా తీసుకోండి. ఆ దూరం ఎక్కువై, మహీంద్రా కౌంటర్ దగ్గరుంటే జివో, మోటైనా సరే. చెల్క పత్తి ఒక్కటే అయితే 717.

కొనే రోజే రెండు ఆయిల్ ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, ఫోర్ వీల్ అయితే ముందు హబ్ సీల్ జత బిల్లులో చేర్చుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్ల మీద, చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో పడిందో లేదో అక్కడే చూసుకోండి.