ఆరు పంటల గ్రీకు: ఎ, ఏ, ఒ, ఓ చేసిన మేలూ మోసమూ

గ్రీకు మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మా రొయ్యల లెక్కలో ఆరు పంటలు. మాస్టారు లేడు, క్లాసు లేదు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట అవతల రొయ్యల గుంటల గట్టు మీద కాపలా షెడ్డు, ఒక ట్యూబ్‌లైటు, రిటైరైన అయ్యగారు చర్చి బీరువాలోంచి తీసిచ్చిన పాత వ్యాకరణం పుస్తకం, ఫోను. అంతే సరంజామా. రాత్రి మేత వేశాక తెల్లారేదాకా నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేయకపోతే పొద్దునకల్లా సరుకంతా తేలిపోతుంది. నిద్ర ఆపుకోవడానికి పట్టుకున్న చదువు ఇది. నేను చదివేది కొత్త నిబంధన రాసిన నాటి గ్రీకు, ఇప్పుడు ఏథెన్సులో మాట్లాడేది కాదు. ఆ తేడా ఎంతో నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

24 అక్షరాలు వారంలో వచ్చేస్తాయి, దాని గురించి చెప్పేదేం లేదు. విభక్తులంటే జనం భయపడతారుగానీ, బడిలో 'డుమువులు ప్రథమా విభక్తి' అని బట్టీ కొట్టినవాళ్లకు అది కొత్త కష్టమేమీ కాదు. నన్ను పడగొట్టింది అచ్చులు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఎప్సిలాన్‌కూ ఏటాకూ తేడా చెప్పడానికి ఆ రచయిత అరపేజీ అవస్థ పడ్డాడు. ఫలానా ఇంగ్లీషు మాటలో వచ్చే ధ్వని, కానీ పూర్తిగా అదీ కాదు, ఇలా సాగుతుంది. నాకు నవ్వొచ్చింది. ఇది ఎ, అది ఏ. అంతే గదా! ఒమిక్రాన్ అంటే ఒ, ఓమెగ అంటే ఓ. పలక మీద దిద్దినవే. పాపం, హిందీ వాళ్లకు కూడా పొట్టి ఎ, పొట్టి ఒలకు వేరే అక్షరాలు లేవు.

చర్చిలో 'అల్ఫాయు ఓమెగయు నేనే' అని చిన్నప్పటి నుంచీ వింటున్నా. ఓమెగ అంటే దేవుడి బిరుదేదో అనుకునేవాణ్ణి. విడదీస్తే ఓ మెగ, పెద్ద ఓ. మెగా డీఎస్సీలో ఉన్న మెగా అదే. ఒ మిక్రొన్ అంటే చిన్న ఒ. కరోనా రోజుల్లో మనం రోజూ విన్న ఒమిక్రాన్‌కు అర్థం 'చిన్న ఒ' అని తెలిసిన రాత్రి ఒక్కణ్ణే పగలబడి నవ్వితే, పక్క గుంట కాపలా కుర్రాడు టార్చి వేసి చూశాడు.

యోహాను సువార్త మొదటి మాటలు 'ఎన్ అర్ఖే ఏన్ హొ లొగొస్'. మన బైబిల్లో 'ఆదియందు వాక్యముండెను'. ఇందులో ఎన్ అంటే 'అందు', ఏన్ అంటే 'ఉండెను'. పొట్టికీ పొడుగుకీ ఉన్న తేడా తప్ప ఇంకేం లేదు. తెలుగు చెవికి ఆ తేడా చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. గ్రీకు మన కోసమే చేసి పెట్టినట్టుందని మొదటి ఏడాదంతా కనబడినవాళ్లందరికీ చెప్పా. గుంటల మాటలు కూడా వెలగడం మొదలైంది. టైగర్ రొయ్యకు పెట్టిన మోనోడాన్ పేరుకు అర్థం ఒంటిపన్ను. నీళ్లు రంగు మారితే మేం రోజూ తలుచుకునే ప్లాంక్టన్ అంటే దారీతెన్నూ లేకుండా తిరిగేది.

ఇక కిందటి సంక్రాంతి సంగతి. మా బావమరిది కొడుకు మర్చంట్ నేవీలో ఉన్నాడు. పండక్కి రాలేక ఓడలోంచి వీడియో కాల్ చేశాడు. "మామా, మా చీఫ్ ఇంజనీరుది గ్రీసే. పక్కనే ఉన్నాడు, నీ గ్రీకు కాస్త వినిపించు" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. మా ఆవిడ అరిసెల పళ్లెం పట్టుకుని ఫోను వెనకే నిలబడింది. నేను గొంతు సవరించుకుని 'ఖైరె' అన్నా. రెండు వేల ఏళ్ల నాటి నమస్కారం. ఆయన కళ్లజోడు సర్దుకుని అల్లుణ్ణి ఏదో అడిగాడు.

"మీ మామ మాట్లాడేది హిందీనా అంటున్నాడు మామా."

"ఏందయ్యా, మూడేళ్లూ చదివింది హిందీనా?" అంది మా ఆవిడ. ఇల్లంతా నవ్వు.

పట్టు వదలకుండా 'కలే హేమెరా' అన్నా, శుభదినం అని. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆ! కలిమేరా!" అన్నాడు. నేను సాగదీసిన ఏ ఆయన నోట్లో పొట్టి ఇ అయింది, నేను పొట్టిగా పలికిన ఎని ఆయన సాగదీశాడు. హ అయితే లేనే లేదు. నేను ఏదో అడిగితే ఆయన "నె, నె" అంటున్నాడు. కాదంటున్నాడనుకుని మాట మారుస్తున్నా. "అవును అంటున్నాడు మామా, నె అంటే అవును" అని అల్లుడు అందించాడు. ఆ మాట నాకు తెలుసు! పుస్తకం దాన్ని 'నై' అని నేర్పింది. వాడికి వచ్చిన గ్రీకు మొత్తం నాలుగు మాటలు, అందులో రెండు బూతులు. ఆ పూట నాకు వాడే దుబాసీ.

చివరికి దిక్కుతోచక యోహాను మొదటి వచనం అప్పజెప్పా. సగంలోనే ఆయన ముఖం మారింది. నాతో పాటు అందుకుని, "ఎన్ అర్హీ ఇన్ ఒ లోఘొస్" అని తనూ చెప్పాడు. ఈస్టర్‌నాడు వాళ్ల గుళ్లో చదివే భాగమట. ఇద్దరం ఒకే వచనం చెప్పాం. నా ఏలన్నీ ఆయనకు ఇలు. కాల్ అయ్యాక సంతోషపడాలో ఏడవాలో తెలియక గుంట దగ్గరికి వెళ్లిపోయా.

తర్వాత ఆరా తీస్తే తేలింది ఇది. పుస్తకంలో ఉన్నది 1528లో ఎరాస్మస్ అనే పండితుడు పాతకాలపు ఉచ్చారణ ఇలా ఉండి ఉంటుందని వాదించిన పద్ధతి నుంచి వచ్చింది. గ్రీసు వాళ్ల నోట్లో అప్పటికే ఏటా, అయోటా, ఉప్సిలాన్, ఇంకో మూడు జంట అచ్చులూ కలిసిపోయి అన్నీ ఇ అయ్యాయి. పాత 'మేము', పాత 'మీరు' వాళ్ల నోట్లో రెండూ ఇమీస్‌గానే పలుకుతాయి. ఆ గొడవ తప్పించుకోవడానికి ఇప్పుడు ఎమీస్, ఎసీస్ అని వేరు చేసుకున్నారు. వాళ్లకే ఇబ్బంది అయిందని తెలిసి కొంచెం తేరుకున్నా.

కాబట్టి 'మన కోసమే చేసి పెట్టినట్టుంది' అన్న మాటను కాస్త సవరించుకుంటున్నా. ఎ, ఏ, ఒ, ఓల వరకూ నిజమే, అదీ పాత పుస్తకం చదివేటప్పుడే. పాత ఉప్సిలాన్‌కు తెలుగులో అక్షరం లేదు, ఉ అనేటట్టు మూతి చాచి ఇ అనాలి. ఇంకో తప్పు పూర్తిగా నాదే. సులువుగా ఉంది గదా అని ప్రతి వాక్యం పైన పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నా. ఒకసారి వాన జల్లుకు రెండు పేజీలు తడిసి ఆ పెన్సిల్ గీతలు చెరిగిపోతే, అచ్చులో శుభ్రంగా ఉన్న గ్రీకును కూడా కూడబలుక్కోవాల్సి వచ్చింది. ఏడాది పాటు నేను చదివింది గ్రీకు కాదు, దాని నెత్తిన ఉన్న తెలుగు. మీరు మొదలుపెడితే రెండో వారానికే ఆ అలవాటు మానండి.

ఓడ ఉద్యోగానికో ఊరు చూడటానికో అయితే నా దారి పట్టొద్దు. ఇప్పటి గ్రీకు మాట్లాడేవాళ్లను వింటూ మొదలుపెట్టండి, ఇ అన్నచోటల్లా ఇ అనండి. నాది వేరే కథ. వయసు నలభై ఏడు, గ్రీసు వెళ్లే ఆలోచన లేదు, రాత్రుళ్లు ఎలాగూ మేలుకోవాలి, చిన్నప్పటి నుంచీ విన్న వచనాలు కాబట్టి అర్థం సగం ముందే తెలుసు. ఈ నాలుగూ లేనివాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుందని చెప్పలేను. నేను మాత్రం ఏ వదల్లేదు. చీఫ్ గారు అల్లుడి ఫోన్‌లోంచి పంపిన వాయిస్ మెసేజ్ ఒకసారి ఆయన ఇలతో వింటా, తర్వాత నా ఏలతో చదువుకుంటా.

యోహాను పూర్తయింది, సులువైనది అదే. ఇప్పుడు లూకా. అందులో మొదటి నాలుగు వచనాలూ కలిపి ఒకే వాక్యం. రెండు వారాలుగా ఆ వాక్యంలోనే ఉన్నా. మధ్యలో రెండు రాత్రులు కరెంటు పోయింది.