కూరగాయలు కడిగే లిక్విడ్: దేనికి పనికొస్తుంది, దేనికి దండగ

విజయనగరం సూపర్ మార్కెట్లలో గిన్నెల సబ్బు పక్కనే ఇప్పుడు కూరగాయలు కడిగే లిక్విడ్ సీసాలూ కనిపిస్తున్నాయి. కొంటే చిన్న సీసా కొనండి. రైతుబజారు సంచీలో సగం సరుకుకి దీని అవసరమే లేదు.

ఇది బాగా పనిచేసేది నున్నటి తొక్క మీదే. ఆపిల్, కీరా, క్యాప్సికం మీది జిడ్డు, దుమ్ము చప్పున వదులుతాయి. సీసా మీది కొలత దాటకూడదు, తర్వాత కుళాయి కింద బాగా కడగాలి. ఆపిల్‌కి పూసే తేనెమైనం, కార్నౌబా మైనం, లక్కలకు మన దేశంలో అనుమతి ఉంది, కంగారక్కర్లేదు.

పురుగుమందు సంగతికొస్తే వంటసోడా చవక. 2017లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు ఆపిల్స్‌ని లీటరుకు 10 గ్రాముల సోడా (సుమారు రెండు టీ చెంచాలు) కలిపిన నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచి చూశారు. వాళ్లు పూసిన రెండు మందులూ పైనుంచి చాలావరకు పోయాయి, తొక్కలోకి దిగింది మాత్రం పోలేదు. దాన్ని ఏ లిక్విడూ లాగలేదు, తొక్క తీయాల్సిందే.

కాలీఫ్లవర్‌కి లిక్విడ్ వాడకండి. పువ్వులు విడదీసి, లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల కల్లుప్పు వేసి, తలకిందులుగా పావుగంట ముంచితే పచ్చపురుగు పట్టు వదిలి తేలుతుంది. మరిగే నీళ్లు పోస్తే అది సందులోనే చచ్చి ఇరుక్కుంటుంది.

వంకాయ దగ్గర ఏ నీళ్లూ పనిచేయవు. పురుగు దూరిన సన్నటి చోటు పూడుకుపోతుంది. మనకి కనబడే పెద్ద చిల్లు అది తినేసి బయటికి పోయిన దారి. అందుకే చిల్లు లేని కాయనూ నమ్మకూడదు. గుత్తివంకాయకి నాలుగు పక్షాలు చేశాక గింజల దగ్గర వెలుతురులో చూడండి. గోధుమరంగు పొడి ఉంటే ఆ కాయ పారేయడమే.

తోటకూరకి లోతైన గిన్నె, మామూలు నీళ్లు చాలు. ఆకుని పైకి తీయాలి. గిన్నె వంచితే అడుక్కి దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది.

మామిడి సొనకీ లిక్విడ్ అక్కర్లేదు, అరగంట నీళ్లలో వేస్తే చాలు. సువర్ణరేఖకి ఎరుపు పుట్టుకతోనే వస్తుంది, మందు రంగని అనుమానపడొద్దు. కార్బైడ్‌తో పళ్లు మగ్గబెట్టడం మాత్రం నిషిద్ధం. పైన పసుపు, లోపల టెంక దగ్గర పులుపు, గట్టిదనం ఉన్న కాయని కడిగి బాగుచేయలేం, కొనకుండా వదిలేయండి.